వాసెన విప్పుటకు అనుమతి గురించి

మా సంస్థలో పందొమ్మిదేళ్లపాటు మూతలు తీశాం. సీసా మూత, డబ్బా మూత, జాడీ మూత, ఎవరికి ఏది కావాలంటే అది తీసుకుని, పని కాగానే పెట్టేసేవాళ్లం. అలా తీస్తున్నప్పుడు ఇంగ్లీషులో మేము ఏం చేస్తున్నామో మాలో ఒక్కరికీ తెలియదు. తెలియకుండానే మూడుసార్లు జీతాల సవరణ కూడా పుచ్చుకున్నాం. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మాది ఊరగాయల అభివృద్ధి మండలి. ప్రభుత్వానికి ఇలాంటిదొకటి ఉందని ఆ శాఖ మంత్రులకు కూడా ప్రమాణ స్వీకారం అయిన రెండు నెలలకు గానీ తెలియదు. నేను అందులో స్టోరు గుమాస్తాని, పేరు పట్టాభి. గోదాము తాళాలగుత్తి నా దగ్గరుంటుంది. రిటైర్మెంటు దగ్గర పడింది కాబట్టి ఎవరేం చెప్పినా "చిత్తం" అనడం బాగా అలవాటైంది.

గొడవంతా విదేశం నుంచి వచ్చిన ఒక ఉత్తరంతో మొదలైంది. అక్కడ మా పచ్చళ్లు అమ్మే దుకాణదారు ఒకాయన ఇలా రాశాడు: "మీ సీసా మీద 'ఓపెన్ చేసి ఆరగించండి' అని ఉంది. మూత తిప్పాలా, పీకాలా, పొడవాలా? కొనేవాళ్లు అడుగుతున్నారు. దయచేసి తెలుపగలరు." ఇంకెవరైనా అయితే 'తిప్పాలి' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. మా మేనేజింగ్ డైరెక్టరు మృత్యుంజయప్రసాద్ గారు ఊరుకోలేదు. ఆయన దాన్ని దేశానికి జరిగిన అవమానంగా తీసుకుని, రాజధానిలో ఓ పెద్ద హోటల్లో మూడు రోజుల వర్క్‌షాపుకి వెళ్లారు. వస్తూ వస్తూ ఒక కన్సల్టెంటునీ ఒక చార్టునీ వెంటబెట్టుకొచ్చారు.

కన్సల్టెంటు పేరు ప్రహర్ష్. ముప్పై ఏళ్లు కూడా ఉండవు, మనిషి సన్నగా ఉన్నాడు. చార్టు మాత్రం గోడంత ఉంది. మూసి ఉన్న వస్తువుని తెరవడానికి ఇంగ్లీషులో ఉన్న ముప్పై నాలుగు క్రియలు అందులో రంగురంగుల గళ్లలో ఉన్నాయి. మర తిప్పితే అన్‌స్క్రూ. బిరడా పీకితే అన్‌కార్క్. టోపీలాంటి మూత తీస్తే అన్‌క్యాప్. ముద్ర పగలగొడితే అన్‌సీల్. పీపాకి మొదటిసారి బెజ్జం పెడితే బ్రోచ్. అబ్బో, చాలా ఉన్నాయి.

ఆ రోజు సమావేశానికి అందర్నీ పిలిచారు. పచ్చళ్లు కలిపే ఆడవాళ్లు పన్నెండుమంది వెనకాల గోడవారగా నిలబడ్డారు.

"మనం ఇన్నాళ్లూ 'ఓపెన్' అంటూ వచ్చాం," అన్నాడు ప్రహర్ష్, ఎవరో పోయిన కబురు చెబుతున్నట్టు. "ఓపెన్ అంటే ఏమీ చెప్పకపోవడమే. తలుపూ ఓపెనే, దుకాణమూ ఓపెనే, నోరూ ఓపెనే. అంతర్జాతీయ మార్కెట్టు దీన్ని సహించదు. మేడం, మీరు జాడీ దగ్గర చేసే చర్యని ఏమంటారు?"

ఆ మేడం మాణిక్యమ్మ. పన్నెండుమందికీ పెద్ద. ఆమెని అంతకుముందు ఎవరూ మేడం అని పిలవలేదు కాబట్టి పక్కనున్నామెకేసి చూసింది. తనేనని తెలిశాక, "మూత తీస్తాం నాయనా. తీసి కలుపుతాం. అంతకుమించి ఏముంటది?" అంది.

ప్రహర్ష్ ఎం.డి. గారి వంక చూశాడు. ఎం.డి. గారు కళ్లు మూసుకున్నారు. పరిస్థితి ఇంత దిగజారిందని ఆయన కూడా అనుకోలేదు.

మర్నాడే సర్క్యులరు వచ్చింది. "ఇందుమూలముగా సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, మండలి ఆవరణలో మూసియున్న ఏ పాత్రనైనను ఇకమీదట 'ఓపెన్' చేయరాదు. సదరు పాత్రకు వర్తించు క్రియను గుర్తించి, మూత తొలగింపు ఏడవ నంబరు ఫారములో నమోదు చేసి, ఆ క్రియపై అధికారము గల ఉద్యోగి సంతకము పొందిన పిమ్మటనే మూత తొలగించవలెను. క్రియ లేని మూత తొలగింపు జరగనట్లే భావించబడును."

ఆ చివరి వాక్యం గుర్తుంచుకోండి. నేను అప్పుడు గుర్తుంచుకోలేదు.

క్రియలన్నిటినీ హోదాల వారీగా పంచారు. అన్‌స్క్రూ అటెండరుకి. అన్‌క్యాప్ జూనియర్ అసిస్టెంటుకి. అన్‌కార్క్ సూపరింటెండెంటు దైవాధీనం గారికి. అన్‌సీల్ గెజిటెడ్ అధికారికి మాత్రమే. బ్రోచ్ సాక్షాత్తు ఎం.డి. గారికి. మాకు పీపాలు లేవు, ఉన్నా ఆయనే బెజ్జం పెట్టాలి.

మొదటి వారం పెన్నుల దగ్గర ఇరుక్కున్నాం. అన్‌క్యాప్ ఫారం నింపాలంటే పెన్ను కావాలి. పెన్ను వాడాలంటే దాని క్యాపు తీయాలి. క్యాపు తీయాలంటే ఫారం నింపాలి. రెండు రోజులు ఆఫీసులో ఒక్క అక్షరం ముక్క పడలేదు. ఎం.డి. గారు స్వయంగా కలగజేసుకుని అందరికీ నొక్కే పెన్నులు ఇప్పించారు. నొక్కడం పాత్ర తెరవడం కిందికి రాదని ప్రహర్ష్ దగ్గర లిఖితపూర్వకంగా తీసుకున్నాకే మేము నొక్కాం.

క్యారేజీల సంగతి మరీ ఘోరం. మధ్యాహ్నం ఒంటిగంటకి తినాల్సిన అన్నం నాలుగింటికి తిన్నాం. నాలుగు గిన్నెల క్యారేజీకి క్లిప్పు తీయడం ఒక క్రియ, గిన్నె నుంచి గిన్నె విడదీయడం మూడు క్రియలు. ఆకలి మీద నాకు నోటికొచ్చిన క్రియలు వేరే ఉన్నాయి, అవి చార్టులో లేవు.

దైవాధీనం గారి బాధ ఇంకో రకం. ఆయనకి అన్‌కార్క్ ఇచ్చారు గానీ మండలి మొత్తం వెతికినా ఒక్క బిరడా సీసా లేదు. జూనియర్ అసిస్టెంటు బల్ల మీద రోజుకి నలభై ఫారాలు పడుతుంటే, ముప్పై ఏళ్ల సర్వీసున్న పెద్దమనిషి బల్ల ఖాళీగా ఉండేది. మూడు వారాలు ఓర్చుకున్నాడు.

"నేనేం తప్పు చేశానయ్యా పట్టాభీ?" అన్నాడు ఓ రోజు నా దగ్గరికొచ్చి. "అధికారం ఇచ్చి పని ఇవ్వకపోతే అది పనిష్మెంటే కదా?"

ఆయన ఎం.డి. గారికి అర్జీ పెట్టుకున్నాడు. అర్జీ న్యాయమైనదేనని తేలింది. రెండు వందల బిరడాలు తెప్పించి, తాగే నీళ్ల సీసాల మరమూతలు పీకించి, వాటికి బిరడాలు కొట్టించారు. అప్పట్నుంచి మాలో ఎవరికి దాహం వేసినా దైవాధీనం గారి దగ్గరికే వెళ్లాలి. ఆయన మొహంలో కళ వచ్చింది.

ఇదంతా ఒక ఎత్తు, వేసవి ఒక ఎత్తు. ఆవకాయ రోజులొచ్చాయి.

మాణిక్యమ్మ గురించి చెప్పాలి. మండలి పెట్టిన ఏడాదే రోజుకూలీగా చేరింది. అప్పటికామెకి ముప్పై రెండు. ఇప్పుడు యాభై ఒకటి, ఇంకా రోజుకూలీయే. ఆమెతోపాటు మిగతా పదకొండుమందీ అంతే. వాళ్లని పర్మనెంటు చేసే ఫైలు పదేళ్లుగా బల్ల మీంచి బల్ల మీదికి తిరిగి తిరిగి ఆ ఏడాది ఒక కొలిక్కి వచ్చింది. షరతు ఒక్కటే. ఆ వేసవిలో పెట్టే అరవై జాడీల ఆవకాయ రుచి పరీక్షలో నెగ్గితే పన్నెండుమందికీ ఉద్యోగాలు. నెగ్గకపోతే ఇంటికి.

"పెద్ద ఆశలేం లేవు పట్టాభిగారూ," అంది కాయలు దిగిన రోజు. "నెలాఖరుకి వచ్చే నెల పనుందో లేదో మిమ్మల్ని అడక్కుండా నిద్రపోవాల. అంతే."

కాయలు మంచివి దొరికాయి, టెంక ముదిరి, పులుపు పట్టినవి. పన్నెండుమందీ కలిసి తుడిచి, కత్తిపీట మీద నరికి, జీడి తీసి, పొర గీకి, ఆవపిండి, కారం, ఉప్పు, పప్పునూనె కలిపి సోమవారం సాయంత్రానికి అరవై నడుమెత్తు జాడీలు నింపేశారు. ఒక్కో జాడీ మూతికి ఉతికి ఆరేసిన తెల్లగుడ్డ కప్పి, చుట్టూ తాడు బిగించి వాసెన కట్టారు. నేను గోదాముకి తాళం వేశాను.

ఆవకాయ పెట్టే ఇంట్లో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. మూడో రోజు వాసెన విప్పాలి. ముక్కలు ఊట వదిలి ఉంటాయి. అడుగు నుంచి పైకి తిరగకలపాలి, ఉప్పు చూడాలి, తక్కువైతే వేయాలి, పైన తేలేటట్టు నూనె పోయాలి. ఆ రోజు చెయ్యి పెట్టకపోతే ఇక ఎన్ని చేతులు పెట్టినా లాభం లేదు, బూజు పడుతుంది.

బుధవారం పొద్దున్నే మాణిక్యమ్మ ఏడో నంబరు ఫారం పట్టుకుని దైవాధీనం గారి బల్ల దగ్గర నిలబడింది. పాత్ర: జాడీ. సంఖ్య: అరవై. క్రియ అన్న గడి ఖాళీగా ఉంది.

దైవాధీనం గారు చార్టు మొత్తం పైనుంచి కిందికి చదివాడు, కింద నుంచి పైకి చదివాడు. "వాసెనకి క్రియ లేదమ్మా," అన్నాడు.

"లేకపోతే ఏదో ఒకటి రాయండి సారూ. తాడు పట్టుకుని లాగితే వచ్చేదేగా."

"ఏదో ఒకటి రాయడానికి ఇదేమన్నా మీ ఇల్లనుకున్నావా?"

విషయం ఎం.డి. గారి గదికి చేరింది. ప్రహర్ష్‌ని వీడియోలో పిలిచారు. ఒక చిన్న ఖాళీ జాడీ తెప్పించి, దానికి గుడ్డ కట్టించి, మాణిక్యమ్మ చేత కెమెరా ముందు విప్పించారు. ఆమె ముడి లాగింది, గుడ్డ తీసింది. అది రెండు నిమిషాల పని కూడా కాదు. ప్రహర్ష్ ఆ వీడియోని నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాడు.

"ఇది అన్‌టై అవుతుందా?" అని అడిగారు ఎం.డి. గారు.

"నో సార్. అన్‌టై పశువులకీ బూట్లకీ వాడతారు. పాత్రల జాబితాలో లేదు."

"అన్‌కవర్?"

"అది విజిలెన్సు వాళ్లు వాడే క్రియ సార్. మనం వాడితే ఇక్కడేదో కుంభకోణం బయటపడిందనుకుంటారు."

ఎం.డి. గారు గబగబా ఆ మాటని వెనక్కి తీసుకున్నారు. మాణిక్యమ్మ గడియారం వంక చూసింది. పదకొండు దాటింది.

"సార్," అన్నాడు ప్రహర్ష్ ఉన్నట్టుండి. "లోపల ఒక విలువైన వస్తువుంది. దాని మీద గుడ్డ ఉంది. ఆ గుడ్డని తొలగించి, వస్తువుని కనబరుస్తున్నాం. దీనికి ఒక్కటే క్రియ ఉంది. అన్‌వీల్!"

ఎం.డి. గారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, దేవుడి మీద ఒట్టు, నేను చూశాను. "అన్‌వీల్," అన్నారు మెల్లగా. "ఆవకాయకి ఇంత గౌరవం ఏ భాషలోనూ దక్కలేదు."

దైవాధీనం గారు దగ్గాడు. ప్రోటోకాల్ విషయాల్లో ఆయనది గట్టి చెయ్యి. "సార్, అన్‌వీల్ అంటే ఆవిష్కరణ. అది మంత్రి స్థాయి క్రియ. కలెక్టరు గారికి కూడా రిబ్బను కత్తిరించే వరకే ఉంది. గుడ్డ లాగాలంటే మంత్రిగారే రావాలి. శిలాఫలకం ఉండాలి. మన స్థాయిలో ఒక్క అంగుళం గుడ్డ జరిపినా అది ధిక్కారం కిందికి వస్తుంది."

మంత్రిగారి పేషీకి ఫోను చేశారు. పన్నెండు రోజుల తర్వాత తేదీ ఇచ్చారు.

"పన్నెండు రోజులా?" అంది మాణిక్యమ్మ. అప్పటిదాకా గొంతు పెంచని మనిషి పెంచింది. "ఇవాళ మూడో రోజు సారూ. ఇవాళ తిరగకలపకపోతే బూజు పడుద్ది. మంత్రిగారికి కుదరకపోతే మామిడికాయ ఆగుద్దా?"

"మాణిక్యమ్మగారూ," అన్నారు ఎం.డి. గారు ఎంతో ఓపికగా. "ఆవేశంతో నాణ్యత రాదు. నాణ్యత ప్రక్రియతో వస్తుంది."

"ఆ ప్రక్రియేనండీ నేను చెప్పేది. మూడో రోజు కలపటమే."

"అది అలవాటు. ప్రక్రియ అంటే కాగితం మీద ఉండేది."

ఆమె ఖాళీ జాడీ చంకనెత్తుకుని బయటికి నడిచింది. వరండాలో పదకొండుమందీ చీర చెంగులు బొడ్లో దోపుకుని సిద్ధంగా ఉన్నారు. ఆమె మొహం చూసి చెంగులు కిందికి వదిలేశారు. వాళ్లలో ఒకామెకి ఆ ఏడాదే భర్త పోయాడు. ఇంకొకామె మోకాళ్లకి గుడ్డలు చుట్టుకుని పనికొచ్చేది. అరవై జాడీలకి బూజు పడితే పన్నెండుమందీ ఇంటికే.

నేను ధైర్యవంతుణ్ణి కాను. ఈ మాట ఎవరడిగినా ఒప్పుకుంటాను. కానీ ఆ వరండాలో అలా నిలబడలేకపోయాను. మధ్యాహ్నం రెండింటికి తాళాలగుత్తి తీసి నా బల్ల మీద పెట్టాను. పక్కనే ఉన్న మాణిక్యమ్మకి వినపడేలా, "నాకు కాస్త తలనొప్పిగా ఉంది. టీ తాగొస్తాను. రెండున్నర గంటలు పట్టొచ్చు," అన్నాను.

"అంతసేపు టీ ఎక్కడ తాగుతారు?" అంది మాణిక్యమ్మ.

"నెమ్మదిగా తాగుతాను."

నాలుగున్నరకి వచ్చేసరికి తాళాలు పెట్టినచోటే ఉన్నాయి. గోదాము తలుపు వేసే ఉంది. లోపల అరవై జాడీలు, అరవై గుడ్డలు, సోమవారం చూసినట్టే ఉన్నాయి. ఆవఘాటు మాత్రం గుప్పుమని ముక్కుకి తగిలి కళ్లు మండాయి. పన్నెండుమందీ కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుంటున్నారు. ఎంత కడిగినా ఎరుపు పోవడం లేదు. నేను రిజిస్టరులో ఏమీ రాయలేదు.

పన్నెండు రోజులకి మంత్రిగారు వచ్చారు. షామియానా వేశారు. మొదటి జాడీకి పట్టుగుడ్డ కట్టి, జరీ తాడు వేలాడదీశారు. మంత్రిగారు తాడు లాగారు, గుడ్డ జారింది, కెమెరాలు వెలిగాయి. ఎర్రటి నూనె తేలుతూ, ముక్క ముక్కనీ పట్టుకున్న పిండితో ఆవకాయ నిగనిగలాడింది. వేడన్నంలో నెయ్యి వేసి కలిపిచ్చారు. ఆయన మూడుసార్లు పెట్టించుకుని తిన్నారు. రుచి పరీక్ష కమిటీ నూటికి తొంభై ఆరు వేసింది.

"ఎవరు పెట్టారయ్యా ఇది?" అన్నారు మంత్రిగారు వేళ్లు నాక్కుంటూ.

షామియానా చివర నిలబడ్డ మాణిక్యమ్మ ఒక అడుగు ముందుకేసింది.

"ప్రక్రియ పెట్టింది సార్," అన్నారు ఎం.డి. గారు.

వారం తిరక్కుండా సమీక్షా సమావేశం పెట్టారు. ఫలితం వింటారని పన్నెండుమందినీ పిలిచారు. కొందరు కొత్త చీరలు కట్టుకొచ్చారు. మాణిక్యమ్మ తల్లో కనకాంబరాలు పెట్టుకుంది. పందొమ్మిదేళ్లలో ఆమె తల్లో పూలు నేను చూడలేదు.

ఎం.డి. గారు చదవడం మొదలుపెట్టారు. "రికార్డులను పరిశీలించగా, సోమవారము మొదలుకొని మంత్రివర్యుల ఆవిష్కరణ వరకు సదరు అరవై జాడీలలో ఏ ఒక్కదాని వాసెనయు తొలగించబడలేదని రుజువైనది. అయినను ఆవకాయ అత్యుత్తమముగా ఉన్నది. కావున మూడవ రోజున తిరగకలుపుట అను ఆచారము అనవసరమైనదని తేలినది. ఆ పని నిమిత్తము నియమించబడిన పన్నెండుమంది అవసరము మండలికి లేదు. పర్మనెంటు ఫైలు మూసివేయడమైనది."

ఒక్క నిమిషం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల పట్టుకుని లేచాను.

"సార్, కలిపారు. ఆ బుధవారమే. అరవై జాడీలూ కలిపారు. తాళాలు నేనే ఇచ్చాను. నన్ను ఏం చేసినా సరే, ఈ ఆడవాళ్ల పొట్ట కొట్టకండి."

దైవాధీనం గారు బల్ల కింద నా చొక్కా పట్టుకుని లాగాడు. ఎం.డి. గారు నావంక జాలిగా చూశారు.

"ఫారం ఏదీ?"

"లేదండి."

"ఏ క్రియ కింద తీశారు?"

"ఏ క్రియా లేదండి. మామూలుగా విప్పారు."

"సర్క్యులరు చివరి వాక్యం చదవండి పట్టాభిగారూ."

చదివాను. క్రియ లేని మూత తొలగింపు జరగనట్లే భావించబడును.

"నా చేతులు మూడు రోజులు మండినయ్ సారూ," అంది మాణిక్యమ్మ వెనక నుంచి. "అన్నం కలుపుకోలేకపోయా. అదీ జరగలేదా?"

"మంట రికార్డు కాదమ్మా," అన్నారు ఎం.డి. గారు.

జరగని పనిని జరిగినట్టు చెప్పి అధికారులను తప్పుదారి పట్టించినందుకు నాకు మెమో ఇచ్చారు. పన్నెండుమందినీ ఆ సాయంత్రమే పంపేశారు. గేటు దగ్గర మాణిక్యమ్మ ఆగి, "మీరు చెప్పారు, చాలు," అంది నాతో. చాలదని మా ఇద్దరికీ తెలుసు.

ఏడుగురు మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లిపోయారని తర్వాత తెలిసింది. మిగతా ఐదుగురూ రైతు బజారు వెనక సందులో మాణిక్యమ్మ ఇంటి వరండాలోనే పచ్చళ్లు పెట్టడం మొదలుపెట్టారు. నెలకోసారి నేను వెళ్లి అర కేజీ తెచ్చుకునేవాణ్ణి. ఆమె నాకు కొసరు వేసేది, నేను తలెత్తకుండా తీసుకునేవాణ్ణి.

మళ్లీ వేసవి వచ్చింది. కొత్త ప్రక్రియ ప్రకారం ఎవరో కాంట్రాక్టరు మనుషులు వచ్చి అరవై జాడీలు నింపి, వాసెన కట్టి వెళ్లిపోయారు. మూడో రోజు ఎవరూ రాలేదు. ఆరో రోజుకి గోదాము గుమ్మం దాకా వాసన వచ్చింది. పదో రోజుకి దైవాధీనం గారి బల్ల దాకా వచ్చింది, ఆయన నీళ్ల బిరడా ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని ఫైళ్లు చూశాడు. గుడ్డల మీద పచ్చగా, తెల్లగా మచ్చలు లేచాయి. లోపల ఎలా ఉందో చూడ్డానికి వీల్లేదు. చూడాలంటే గుడ్డ జరపాలి, జరపాలంటే మంత్రిగారు రావాలి. మంత్రిగారు ఆ మర్నాడే వస్తున్నారు, ఈసారి ఇంకో రాష్ట్రం మంత్రిని కూడా భోజనానికి తీసుకొస్తున్నారు.

ఎం.డి. గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. మనిషి పీక్కుపోయి ఉన్నారు. "పట్టాభిగారూ, ఆ మాణిక్యమ్మ ఇప్పుడెక్కడుంటోంది? ఆమె దగ్గర ఒక్క జాడీ మంచి ఆవకాయ దొరుకుతుందా?" అన్నారు. నేను సమాధానం చెప్పేలోపే సొరుగులోంచి ఒక కవరు తీశారు. నాలుగు మూలలా లక్క ముద్రలు. "ఆమె పర్మనెంటు ఆర్డరు. మిగతావాళ్లవి కూడా ఇందులోనే ఉన్నాయి. సంతకం పెట్టేశాను. జీపు తీసుకెళ్లండి. ఆమెనీ, జాడీనీ, ఇద్దర్నీ తీసుకురండి."

జీపు సందు మొదట్లో ఆపించి నడిచాను. వరండాలో ఎనిమిది జాడీలు వరసగా ఉన్నాయి. ఐదుగురూ చెంగులు దోపుకుని ఉన్నారు. మాణిక్యమ్మ నన్ను చూసి పీట వేసింది. నేను కూర్చోకుండా కవరు చేతిలో పెట్టాను. విషయం చెప్పాను. నిజం చెప్పొద్దూ, ఆమె ఏడుస్తుందనుకున్నాను.

ఆమె కవరుని అటూ ఇటూ తిప్పి చూసింది. లక్క ముద్ర మీద బొటనవేలితో రాసింది.

"దీనికోసం పందొమ్మిదేళ్లు చూశా పట్టాభిగారూ," అంది.

"తెలుసమ్మా. అందుకే నేనే తెచ్చాను."

"ఈ ముద్ర తీయాలంటే ఎవరి సంతకం కావాల?"

ఆమె అలాగే నిలబడి ఉంది, అడిగినదానికి జవాబు కావాలన్నట్టు. "లక్క ముద్ర కదా. అన్‌సీల్," అన్నాను చివరికి. "గెజిటెడ్ అధికారి సంతకం పెట్టాలి."

"నేను గెజిటెడ్ కాదుగా."

"మాణిక్యమ్మా, ఇక్కడెవరు చూస్తారు? చింపెయ్."

"మీ ఆఫీసులో కూడా ఎవరూ చూడలేదుగా. చూడకపోతే ఏమయిందో చూశాంగా." ఆమె కవరుని కిటికీ గూట్లో, పసుపు డబ్బా పక్కన పెట్టింది. విసురుగా పెట్టలేదు, జాగ్రత్తగానే పెట్టింది. "ఇప్పుడు దీన్ని నేను తెరిస్తే అది జరగనట్టే. రేపు మంత్రిగారు తిని వెళ్లాక మీ సారు అదే చెప్తారు. ఏ క్రియ కింద తీశావమ్మా అని అడుగుతారు. మళ్లీ పూలు పెట్టుకుని ఆ గోడ పక్కన నిలబడలేను."

ఆమె చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు.

"ఇవాళ మాకు మూడో రోజు," అంది ఆమె కొంగు బిగిస్తూ. "మీరు వస్తే చేతులు కడుక్కుని రండి. తడి లేకుండా తుడుచుకోండి. లేదంటే ఆ జీపు ఎక్కండి. నాకు పనుంది."

ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతున్నాను. ఇరవై ఏళ్లు ఊరగాయల మండలిలో పనిచేశానని చెప్పుకోబోతున్నాను, ఒక్కసారి ఊరగాయ కలిపింది లేదు. చెప్పులు విడిచి, తొట్టి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, శుభ్రంగా తుడుచుకున్నాను. మొదటి జాడీ ముందు కూర్చున్నాను. తాడు గట్టిగా బిగిసి ఉంది.

"అటు కాదు, ఇటు లాగండి," అంది మాణిక్యమ్మ.

అంతలో జేబులో ఫోను మోగింది. ఆమె గరిటె పట్టుకుని ఆగింది. ఎం.డి. గారు. గొంతు వింటే పరుగెత్తుకొచ్చి మాట్లాడుతున్నట్టుంది.

"పట్టాభిగారూ, ఏమైంది? ఓపెన్ చేసిందా లేదా?"

పదిహేను నెలల తర్వాత ఆయన నోట ఆ మాట విన్నాను. ముడి అప్పుడే వదులై నా చేతిలోకి వచ్చింది. గుడ్డ తీశాను. ఊట జాడీ మెడ దాకా నిలిచి ఉంది, ఒక్క మచ్చ లేదు.

"కవరు చేయలేదు సార్," అన్నాను. "జాడీ నేను చేశాను."